మా అక్క ఫోనూ, నేను కొనిపించిన లాప్‌టాపూ

కర్నూల్లో నాకు శత్రువులు ముగ్గురే ముగ్గురు. ముగ్గురూ నా సలహా మీద ఫోన్లు కొన్నవాళ్లే. వాళ్లను తప్పు పట్టను. అడగనివాళ్లకు కూడా పిలిచి మరీ సలహా ఇచ్చే రకాన్ని నేను. లెక్క ముగ్గురి దగ్గర ఆగిందంటే అది వాళ్ల మంచితనం.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై ఏళ్లుగా అవే పాఠాలు. పిల్లలకు ఎంత ఎక్కిందో తెలియదు గానీ నాకు మాత్రం ఒక పిచ్చి ఎక్కింది. ఏ ఫోను కనబడినా, ఏ లాప్‌టాప్ కనబడినా దానిలో ప్రాసెసర్ ఏది, దాని స్కోరు ఎంత అని చూడకపోతే నాకు అన్నం సహించదు. స్కోరు చెప్పడానికి యాప్‌లు ఉంటాయి. నొక్కితే ప్రాసెసర్ చేత గబగబా ఏవో లెక్కలు చేయించి, రెండు మూడు నిమిషాల్లో ఒక అంకె చూపిస్తాయి. ఆ అంకెలన్నీ ఒక గ్రాఫు నోటుబుక్కులో ఎక్కిస్తాను. ఎడమ పేజీలో ఫోన్లు, కుడి పేజీలో లాప్‌టాపులు. ఒకసారి పెళ్లిలో పక్క విస్తరాయన ఫోను అడిగి తీసుకుని, పప్పు వడ్డించేలోగా స్కోరు తీసేశాను. స్టాఫ్ రూములో నన్ను ప్రాసెసర్ సారు అంటారు. చాన్నాళ్లు అది గౌరవమే అనుకున్నాను.

ఇంతా చేసి నా ఫోనుతో నేను చేసేది మూడు పనులు. పిల్లల హాజరు వేస్తాను. బంధువుల గ్రూపులో శుభోదయం పెడతాను. ఎండ ఎంత ఉందో చూస్తాను. మూడోదానికి కర్నూల్లో ఫోను కూడా అక్కర్లేదు, తలుపు తీస్తే చాలు. "ఉప్పు పాకెట్టు తెచ్చేకి లారీ కొన్నట్ల ఉండాది మీ యవ్వారం" అని మా ఆవిడ ఎప్పుడో తీర్పు చెప్పేసింది.

స్కోరంటే ఏంది సార్ అని ఎవరైనా పొరపాటున అడిగితే బండలాగుడు పోటీ ఉదాహరణ చెప్పేవాణ్ణి. అన్ని జతల ఎద్దులకూ ఒకటే బండ, ఒకటే టైము. ఎవరి జత ఎంత దూరం లాగితే అంత. ఎద్దు రంగు, కొమ్ములు, మెడలో గంటలు, ఇవేవీ లెక్కలోకి రావు. ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా నాకు నేనే చాలా తెలివైనవాడిగా కనిపించేవాణ్ణి. అదే ఉదాహరణ తిరిగొచ్చి నా మెడకే కాడి వేస్తుందని అప్పుడు తెలియదు.

మా అక్క రాయచోటిలో ఉంటుంది. నాకంటే ఆరేళ్లు పెద్ద. పదో తరగతితో చదువు ఆపేసింది అని చెబుతుంటాం గానీ, నిజానికి ఆపించారు. ఇంట్లో ఒకర్ని చదివించే స్తోమతే ఉంది, ఆ ఒకణ్ణి నేను. బావకు ఒక చిన్న ఫోటో స్టూడియో ఉండేది. షుగరు కండ్లకు తగిలి చూపు మసకబారాక దానికి తాళం పడింది. అప్పుడు అక్క తన ఫోనులోనే పెళ్లిపిలుపు వీడియోలు చేయడం మొదలుపెట్టింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫోటోలు చేర్చి, సన్నాయి కలిపి, ముహూర్తం అక్షరాలు పూలలోంచి పైకి తేలేటట్టు చేసి పంపుతుంది. తర్వాత ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు కూడా వచ్చాయి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బావ ఫోటోలు ఎట్లా ఏరుతాడో ఏళ్ల తరబడి చూసింది, అంతే. ఇప్పుడు ఆ ఇల్లు దాని మీదే నడుస్తోంది.

నిరుడు మాఘమాసం పెళ్లిళ్లకు ముందు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, నా ఫోను ముసిల్దైపోయింది. వీడియో తయారయ్యేసరికి పెనం మాదిరి కాలిపోతాండాది. ఇంగోటి తీసుకోవాల. ఏది మంచిదో చూసి చెప్పు. రొండు మాట్లు కొనే శక్తి నాకు లేదు, బాగా చూసి చెప్పు."

చివరి మాట నా చెవిన పడింది. మనసున పడలేదు. అప్పటికే నోటుబుక్కు తెరిచి కుడి పేజీలో ఉన్నాను.

"ఫోనేందికక్కా? నువ్వు చేసే పనికి లాప్‌టాప్ ఉండాల" అన్నాను.

"నాకు ఫోనే అలవాటైపోయిందిరా. ఏలితో గీస్తే పనైపోతాది."

"అలవాటు రెండు దినాల్లో వస్తాది. ఫోనులో ప్రాసెసర్ ఎంత మంచిదైనా దానికి ఫ్యాను ఉండదు, ఊపిరాడదు. లాప్‌టాప్‌కు ఫ్యాను ఉంటాది, కరెంటు బాగా తాగుతాది, తాగిన కొద్దీ పని చేస్తాది. ఫోను దూడ, లాప్‌టాప్ ఎద్దు. బండ లాగాల్సింది ఎద్దు గాని దూడ కాదు."

"సరేలే, నీకంటే నాకు తెలుస్తాదా?" అంది అక్క. పక్కనుంచి మా ఆవిడ, "ఆమెకేం కావాల్నో ఆమె చెప్పింది గదా" అంది. నాకు కోపం వచ్చింది. తెలిసినవాణ్ణి మాట్లాడనివ్వరు ఈ ఇంట్లో అని లేచి వెళ్లిపోయాను.

అక్క బస్సెక్కి కర్నూలు వచ్చింది. షోరూములో ఏసీ ఎంత చల్లగా ఉందంటే అక్క కొంగు భుజాల నిండా కప్పుకుంది. ఆమె డబ్బుకు వచ్చే లాప్‌టాపులు నాలుగు పెట్టించి నాలుగింటికీ వరసగా స్కోరు తీశాను. అక్క మధ్యలో రెండుసార్లు ఎదురుగా ఉన్న ఫోన్ల అరల వైపు చూసింది. నేను చూడనట్టు నటించాను. నాలుగింటిలో పై అంకె వచ్చినది కొనిపించాను. అదే ధరకు వచ్చే ఫోను స్కోరు దానికంటే తక్కువే. గ్రాఫులో గీత గీసి అక్కకు చూపించాను. "శానా ఎత్తుకు పోయిందే" అంది పాపం.

మా ఇంటికొచ్చాక అక్క లాప్‌టాప్‌కు పూజ చేసింది. పసుపు, కుంకుమ పెట్టి, అగరొత్తి తిప్పి, బండికి పెట్టినట్టు కింద నిమ్మకాయ పెట్టబోతే ఆపాను. అయితే నేల మీద పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. సరస్వతిని నేల మీద పెడతామా అని మా ఇంట్లో ఉన్న మెత్తటి బొంత నాలుగు మడతలు వేసి, దాని మీద కూర్చోబెట్టింది. "మంచి పని చేసినావక్కా, దుమ్ము కూడా పోదు. ఎప్పుడూ ఇట్లే బొంత మీదనే పెట్టుకో" అన్నాను. ఉష్ణం అనే పాఠం ఇరవై ఏళ్లు చెప్పినవాణ్ణి. ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుందని తెలిసినవాణ్ణి. ఆ వేడిగాలి పోవడానికి లాప్‌టాప్ అడుగున సందులు ఉంటాయనీ తెలుసు. ఆ సందుల్ని బొంతతో మూసి, మంచి పని అని ఆశీర్వదించి పంపించాను.

ఆ తర్వాత ఏడాదంతా నా వైభవం చూడాలి. అక్క వీడియో ఏది వచ్చినా బంధువుల గ్రూపులో పెట్టి, కింద "ఇదంతా ఆ ప్రాసెసర్ మహిమ, ఎంపిక నాది" అని రాసేవాణ్ణి. స్టాఫ్ రూములో అందరి ముక్కుల కిందా పెట్టి చూపించాను. అక్క ప్రతిసారీ రెండు చేతుల దండం బొమ్మ పెట్టి, "అంతా మా తమ్ముడి పుణ్యం" అని రాసేది. దానికి నేను "ఏముందిలే అక్కా" అని వినయం నటించేవాణ్ణి.

ఈ ఏడు ఏప్రిల్లో నేను కొత్త ఫోను కొన్నాను. ఎందుకు కొన్నావంటే దాని స్కోరు చూద్దామని, అంతకు మించి కారణం లేదు. స్కోరు వచ్చింది. నోటుబుక్కులో ఎక్కిస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఈ ఫోను నేను అక్కకు కొనిపించిన లాప్‌టాప్‌ను దాటేసింది. కొంచెం కాదు, బాగా దాటింది. దూడ ఎద్దును మించిపోయింది. వేరే మనిషైతే కాలం మారింది అనుకుని ఊరుకుంటాడు. నాకు మాత్రం నా కుడి పేజీని ఎవరో తిట్టినట్టనిపించింది. లాప్‌టాప్ స్కోరు ఆ రోజు తొందరలో తక్కువ వచ్చి ఉంటుంది, మళ్లీ తీస్తే పరువు దక్కుతుంది అనుకుని, కాలేజీ సెలవుల్లో చెప్పాపెట్టకుండా రాయచోటికి బయలుదేరాను. కడపలో బస్సు మారేసరికి చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది.

అక్కది రేకుల ఇల్లు. మే నెల మధ్యాహ్నం ఆ ఇంట్లోకి అడుగుపెడితే ఎవరో చెంప మీద కొట్టినట్టు వేడి తగులుతుంది. అక్క నన్ను చూసి సంబరపడింది, మజ్జిగ ఇచ్చింది. "లాప్‌టాప్ తియ్యక్కా, ఒక చిన్న పరీక్ష చేయాల" అనగానే ముఖం మారింది.

"చార్జింగు లేదప్పా."

"పెడదాం."

"వైరు యాడ పెట్టినానో."

మంచం మీద పడుకుని ఉన్న బావ లేచి కూర్చున్నాడు. "యాల దాస్తావు? ఆ బీరువాలో కింద అరలో ఉండాది, తీసియ్యి" అన్నాడు.

బీరువా కింద అరలో, పట్టుచీరల కింద, పసుపు గుడ్డలో చుట్టి ఉంది నా ఎంపిక. మూత మీద కుంకుమ ఎండి రాలిపోయింది. తెర అంచున ప్లాస్టిక్ పొర ఇంకా తీయలేదు. నాకు వెంటనే అర్థం కాలేదు. "మరి వీడియోలు దేంట్లో చేస్తాండావు?" అని అడిగాను.

అక్క వంటింటి వైపు చూసింది. అక్కడ గచ్చు కాదు, కడప బండలు పరిచిన నేల. ఒక బండ తడిగా నల్లగా మెరుస్తోంది. దాని మీద పల్చటి పాలిథీన్ సంచి, సంచి మీద అక్క పాత ఫోను. మూల పగిలిన అదే ఫోను.

"మొదట్లో దాంట్లోనే చేసినారా" అంది అక్క. "నువ్వు చెప్పినట్లే బొంత మీద పెట్టుకోని చేసినా. మాఘమాసంలో బాగనే ఉన్నింది. ఎండలు ముదిరినాక సగం వీడియో కాంగానే ఫ్యాను బొయ్యిమని అరిసి, ఆరిపోయేది. రొండు మాట్లు అట్లనే అయింది. ఒక పెండ్లోళ్లకు పిలుపు వీడియో ఆలస్యమైపాయ. వాళ్లు మల్ల నా తట్టు రాలేదు. ఇంగ బయమేసి దీంట్లోకే వచ్చేసినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అంత సంబరంగా అందరికీ చెప్పుకుంటాండావు. మద్దెలో నేనెట్ల చెప్పేది?"

గ్రూపులో ఏడాది పొడుగునా నేను రాసిన రాతలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ప్రతి దానికీ ఆమె పెట్టిన దండం బొమ్మలు గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఇది మాటవరసకు అనడం కాదు, ఆ నిమిషం అక్క ముఖం చూడలేకపోయాను.

అక్కకు అదేమీ పట్టలేదు. సాయంత్రం నాలుగుకు ఒక ఓణీల ఫంక్షను వీడియో పంపాలట. బండ మీద నీళ్లు చిలకరించి కూర్చుంది. ఒక ముక్క చేసి, ఫోను తీసి చెంపకు ఆనించుకుంది, పిల్లకు జ్వరం చూసినట్టు. "ఇంగా జరం తగ్గలేదు, రొంచేపు ఆగాల" అని, దాన్ని పక్కనున్న చల్లటి బండ మీదికి మార్చింది. చెంపకు మళ్లీ ఆనించి చూసి, సరే అనుకున్నాక రెండో ముక్క మొదలుపెట్టింది. వీడియోను నాలుగు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకూ మధ్య ఫోనుకు ఊపిరి ఇచ్చి, చివర్లో అతికిస్తుంది. నేను నోటుబుక్కులో రాసుకునే అంకెలు ఒక్కటి కూడా ఆమెకు తెలియదు. ప్రాసెసర్‌ను ఎంతసేపు పరుగెత్తించాలో, ఎప్పుడు ఆపాలో మాత్రం ఆమె చెంపకు తెలుసు.

అంత సిగ్గులోనూ నా బుద్ధి పోనిచ్చుకున్నానా? లేదు. "ఒకే వీడియోను మూడింట్లోనూ పెట్టి చూద్దామక్కా" అన్నాను. అక్క నవ్వింది. బావకు హుషారొచ్చింది. వయసులో ఆయన బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగినా కెమెరా భుజాన వేసుకుని పోయేవాడు. గోడ గడియారం కనబడక, చిన్నముల్లు ఎక్కడుంది, పెద్దముల్లు ఎక్కడుంది అని నన్నే అడుగుతూ న్యాయనిర్ణేతగా కూర్చున్నాడు. అక్క ఓణీల వీడియోనే అందరికీ బండ. లాప్‌టాప్ బొంత మీద, పాత ఫోను తడిబండ మీద, నా కొత్త ఫోను నా చేతిలో.

లాప్‌టాప్ మొదట జోరుగా పోయింది. షోరూములో నేను చూసిన జోరు అదే. నాలుగో నిమిషం దాటాక ఫ్యాను రొద పెంచింది. మిగిలిన సమయం అని తెర మీద చూపించే అంకె తగ్గడం మానేసి పెరగడం మొదలుపెట్టింది. కిందికి చెయ్యి పెట్టి చూస్తే బొంత కాలుతోంది. అప్పుడు గాని నా ఫిజిక్స్ నాకు గుర్తురాలేదు. ఎత్తి బండ మీద పెట్టి, కింద రెండు వేరుశెనగ కాయలు ఎత్తుగా ఉంచాను. కాస్త తేరుకుంది గానీ అప్పటికే నా ఫోను పని ముగించి చల్లారుతోంది. అక్క పాత ఫోను ఆగి ఆగి రెండోదిగా వచ్చింది. లాప్‌టాప్ చివర. ఫోను లోపల వీడియో పని కోసమే ఒక భాగం విడిగా ఉంటుంది. నా యాప్ అడిగే లెక్కల్లో ఆ పని లేనే లేదు. అంటే నేను ఏడాదికింద ఎద్దుల్ని పోల్చింది నిజమే, బండ మాత్రం వేరేవాళ్లది.

"మన నాయిన ఎద్దులెట్ల కొనేటోడో మతికుండాదా?" అంది అక్క, చెయ్యి పని ఆపకుండానే. "పొద్దన్నే ఎవురన్నా చూసేకి రమ్మంటే పోయేటోడు కాదు. మిట్టమద్యానం కాడి గట్టి ఒక గంట దున్నిచ్చి, నోట్లో నురగొస్తాదేమో చూసేటోడు. పొద్దన పూట అన్ని ఎద్దులూ మంచివే అనేటోడు."

నాకు గుర్తు లేదు. నాయన సంతకు పోయిన రోజుల్లో నేను బడికి పోయేవాణ్ణి. ఆయన వెంట పోయింది అక్క.

నా ఫోనులోంచి సిమ్ తీసి, ఫోను ఆమె ఒళ్లో పెట్టాను. వద్దంది. కొత్తది, నీకు పనికొస్తాది అంది. "నాకిది ఉప్పు పాకెట్టుకు లారీ అక్కా, దీంతో నీ బండ నువ్వు లాగు" అని ఆమె వేళ్లను దాని మీదికి మడిచాను. ఈసారి తీసుకుంది. తీసుకున్న వెంటనే లోపలంతా చూసి, "ఇదేందిరా ఇది, ఇంత జాగా తింటాండాది" అని నా స్కోరు యాప్‌ను తీసి పారేసింది.

లాప్‌టాప్‌ను తిరిగి పట్టుకుపోతానన్నాను. బావ ఒప్పుకోలేదు. ఓణీల అమ్మాయి ఫోటో పెద్ద తెర మీద నిండుగా పెట్టి, ముక్కు తగిలేంత దగ్గరికి వంగి చూస్తున్నాడు. "దీంట్లో మొగాలు కనపడతాండాయి రా" అన్నాడు. కొన్న నాటినుంచి ఎవరూ ఆయనకు అది చూపించలేదు. చూపించాలని నాకూ తట్టలేదు, నా గ్రాఫులో ఆ గడి లేదు.

అక్క పాత ఫోనులో నా సిమ్ వేసుకుని సాయంత్రం బస్సెక్కాను. బంధువుల గ్రూపు తెరిచి, జరిగింది ఉన్నదున్నట్టు రాశాను. బొంత సంగతి కూడా రాశాను. ముగ్గురు శత్రువులున్నారని చెప్పాను కదా, వాళ్లలో ఒకడు మా పిన్ని కొడుకు. అందరికంటే ముందు వాడే నవ్వే బొమ్మలు పెట్టాడు. పెట్టనీ. రాసి పంపేసరికి ఫోను చేతిలో వేడెక్కింది. ఎవరైనా చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూసి, చెంపకు ఆనించుకున్నాను. ఏడాదిగా ఈ వేడి అక్క చెంపకు తగులుతూ వచ్చిందని ఆలోచిస్తుండగా అది మోగింది. అక్కే, నేనిచ్చిన ఫోను నుంచి.

"యాడికొచ్చినావు? కడప దాటినావా?"

"ఇంకా లేదక్కా."

"బస్సులో వీడియోలు గీడియోలు చూడాకు. అది నీ ఫోను మాదిరి కాదు, శానా కష్టపడింది. జరమొస్తే రొంచేపు కిటికీ కాడ పెట్టు."

సరేనన్నాను. ఫోను పెట్టేసి, కిటికీ పక్క నీడపడే చోట జేబురుమాలు పరిచి దాని మీద పెట్టబోయాను. సగంలో ఆగి, రుమాలు తీసేసి, ఉత్త ఇనపరేకు మీదే పెట్టాను.